అయోవాలో ఒక చందా తక్కువైంది

మార్లిస్ వెస్టర్‌బర్గ్ ముప్పై ఒక్క ఏళ్లు స్కూలు బస్సు నడిపింది. రిటైరయ్యాక ఇంట్లో ఊరికే కూర్చోలేక, దేశాధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న మాజీ గవర్నరు డ్వైట్ ఫెన్నర్ తరఫున తన కౌంటీలో, అంటే జిల్లాలో, పని చేయడానికి ఒప్పుకుంది. ఆయన నచ్చడానికి పెద్ద కారణమేమీ లేదు. బరిలో ఉన్న ఏడుగురిలో కరచాలనం చేసినప్పుడు ఆమె వేళ్లు నలిపెయ్యనివాడు ఆయనొక్కడే.

పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చే మొదటి ఓట్లు అయోవా రాష్ట్రంలోనే పడతాయి కాబట్టి ఏడుగురూ మార్చి నుంచి అక్కడే తిష్ఠ వేశారు. ఆగస్టు నెలాఖరున టీవీలో డిబేట్. ఆ వేదిక ఎక్కాలంటే పార్టీ ఒక షరతు పెట్టింది. ఇరవై రాష్ట్రాల్లో, ఒక్కో రాష్ట్రంలో కనీసం రెండు వందల మంది చందా ఇచ్చి ఉండాలి. ఒక్క డాలరైనా చాలు, కానీ ఇచ్చేది వేరువేరు మనుషులై ఉండాలి. గడువు సోమవారం సాయంత్రం ఐదు గంటలు.

ఫెన్నర్ గారికి డబ్బుకి లోటు లేదు. తండ్రి పెట్టిన కంపెనీలో, చలికాలం వాకిట్లో పేరుకున్న మంచు ఎత్తిపోసే పారలు ఏటా లక్షల్లో తయారవుతాయి. తన ఎన్నికలకి తానే కోట్లు పోసుకోగలడు. కాకపోతే పార్టీ లెక్కలో ఆయన ఒక్క మనిషే. అందుకని, డాలరు చందా ఇచ్చినవాళ్లకి ముప్పై రెండు డాలర్ల పార ఉచితం అని ప్రకటించాడు. వారం తిరక్కుండా ఇంకో అభ్యర్థి డాలరుకి హ్యామ్, అదే ఉప్పులో ఊరేసిన పంది తొడ, ఇస్తానన్నాడు. మూడో ఆయన ఏడాది పొడుగునా కారు కడిగిస్తానన్నాడు. అయోవా జనం తొందరపడలేదు. నాలుగో ఆయన ఏమిస్తాడో చూద్దామని ఆగారు.

ఫెన్నర్ మొహం ఎరగని పంతొమ్మిది రాష్ట్రాల్లో చందాలు రెండు వందలు దాటిపోయాయి. ఐదు నెలలు ఊరూరా తిరిగి, ప్రతి సంతలోనూ పుల్లకి గుచ్చిన మాంసం తిని, నలభై ఒక్క మంది పసిపిల్లల్ని ఎత్తుకున్న అయోవాలో మాత్రం నూట ఎనభై ఎనిమిది దగ్గర ఆగిపోయాయి.

ఆ సోమవారం పొద్దున మార్లిస్ ధాన్యం గిడ్డంగి పక్కనున్న కాఫీ హోటల్లో కూర్చుంది. మధ్యాహ్నానికి పదకొండు మందిని పట్టింది. పన్నెండో మనిషి వెర్నా క్లాసన్. ఆవిడకి డెబ్బై నాలుగేళ్లు.

"ఈ ఎండల్లో మంచు పార నేనేం చేసుకోను? హ్యామ్ లేదా మీ దగ్గర?" అంది వెర్నా.

"హ్యామ్ మేం కాదు వెర్నా, ఇంకో ఆయన."

"తెలుసులే, తిన్నాను. ఉప్పు కషాయం. ఆయన అధ్యక్షుడైతే దేశమంతటికీ బీపీయే." అని గొణుగుతూ డాలరు తీసి బల్ల మీద పెట్టింది. పార మాత్రం రెండు తీసుకుంది.

మార్లిస్ సంతోషంగా ఫోను చేసింది. గవర్నరు గారు తన ప్రచారం నడిపే కోర్ట్నీ ప్రైస్‌ని వెంటబెట్టుకుని, పారలతో నిండిన వ్యాన్‌లో వచ్చాడు, ధన్యవాదాలు చెప్పాడు, ఫోటోలు దిగాడు. సాగనంపడానికి మార్లిస్ కూడా ఎక్కి, ముగ్గురూ వ్యాన్‌లో విమానాశ్రయం దారి పట్టాక, మూడున్నరకి, కోర్ట్నీ చేతిలో ఫోను మోగింది. విని, ఆమె మార్లిస్ వైపు తిరిగింది.

"వెర్నా క్లాసన్ ఎవరు? ఏప్రిల్లో ఆవిడే వెర్నా డ్రీస్ పేరుతో ఇచ్చిందట! ఇద్దరూ ఒకరేనని పార్టీవాళ్లు పట్టేశారు."

"జూన్‌లో మళ్లీ పెళ్లి చేసుకుందండీ," అంది మార్లిస్. "కేకు కూడా తిన్నాం."

"నూట తొంభై తొమ్మిది," అంది కోర్ట్నీ. "గంటన్నర టైముంది. ఎవరికైనా ఫోన్ చెయ్యండి!"

చేశారు. ఏడుగురు అభ్యర్థుల దెబ్బకి అయోవాలో ఎవరూ ఫోను ఎత్తడమే మానేశారు. మార్లిస్ మొగుడు డెల్ ఎత్తాడు గానీ, అతను మేలోనే ఇచ్చేశాడు. గవర్నరు గారు కిటికీలోంచి మొక్కజొన్న చేల కేసి చూస్తూ, "ఇక్కడ దగ్గర్లో ఎవరూ ఉండరా?" అని మెల్లగా అడిగాడు.

దగ్గర్లో ఉన్నది ఒక్కడే. డెల్‌కి సొంత అన్నగారు, హార్లన్. పందుల పెంపకం. ప్రభుత్వం రైతులకిచ్చే సబ్సిడీ చెక్కుని ఏనాడూ ముట్టుకోని మనిషి. కౌంటీలో అంతకన్నా కరడుగట్టిన పార్టీవాడు లేడు. పార్టీకి ఏనాడూ దమ్మిడీ ఇవ్వనివాడూ అతనే.

"మా బావగారి దగ్గరికా?" అంది మార్లిస్. "ఆయనిచ్చే మనిషి కాదండీ."

"డాలరండీ! ఒక్క డాలరు!" అని అరిచింది కోర్ట్నీ.

హార్లన్ ఇంటి మలుపు తిరిగేసరికి రోడ్డు నిండా పందులు. కొట్టం గేటు ఊడిపోయి అరవై పందులు తారురోడ్డు మీదికీ పక్కనున్న బురద చేలోకీ వచ్చి ఎండలో తీరుబడిగా తిరుగుతున్నాయి. మధ్యలో హార్లన్ ఒక చెక్క పలక అడ్డుపెట్టి ఒంటరిగా కేకలు వేస్తున్నాడు.

"మార్లిస్! చోద్యం చూస్తావేం? దిగు! ఏదన్నా అడ్డుపెట్టు!"

వ్యాన్‌లో పారలు తప్ప ఏమున్నాయి? మార్లిస్ ఒకటి తీసుకుంది. కోర్ట్నీ ఎత్తుమడమల చెప్పులతోనే దిగి ఇంకోటి తీసుకుంది. గవర్నరు గారు కోటు విప్పి సీటు మీద మడతపెట్టి, రెండు చేతులా రెండు పారలు పట్టుకుని చేలోకి దూకాడు. వెడల్పాటి పార మూతికి అడ్డం పెడితే పంది ఆగి, కాసేపు ఆలోచించి, పక్కకి తిరుగుతుంది. అరగంట పరిగెత్తారు. పందులన్నీ లోపలికి చేరేసరికి గవర్నరు గారి చొక్కా ఏ రంగులో ఉండేదో మార్లిస్‌కి గుర్తు రాలేదు.

హార్లన్ గేటుని తాడుతో బిగించి, పార చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మంచి సరుకే. ఎంత?"

"ఉచితం సార్!" అంది కోర్ట్నీ రొప్పుతూ. "గవర్నరు గారికి ఒక్క డాలరు చందా ఇస్తే చాలు."

హార్లన్ పార కింద పెట్టేశాడు. "ముప్పై డాలర్ల వస్తువు డాలరుకిస్తే దాన్ని చందా అనరు, లంచం అంటారు. అది నేను మీకిస్తున్నానో మీరు నాకిస్తున్నారో అర్థం కావట్లా. ఊరికే పంచిపెట్టడానికి అవతలి పార్టీ ఉందిగా."

"సరే బావగారూ, పార వదిలేసి డాలరు ఒక్కటే ఇవ్వండి," అంది మార్లిస్.

"దేనికి?"

"డిబేట్‌కి."

"డిబేట్ నేను చూడను. పారలు ఆరు కొంటాను. ధర చెప్పమను."

"అమ్మకూడదండీ! కంపెనీ సరుకు కొన్న డబ్బు చందా కిందికి రాదు!" అంది కోర్ట్నీ. అప్పుడు నాలుగూ ఇరవై అయింది.

గవర్నరు గారు ఆమెని పక్కకి జరగమని చెయ్యి ఊపాడు. "ముప్పై రెండు," అన్నాడు.

"ఆరు తీసుకుంటున్నా. ఇరవై నాలుగు."

"పిడి చూశారా? బూరుగు చెక్క కాదది, గట్టి యాష్ చెక్క. పదిహేనేళ్లు విరగదు. ముప్పై."

"పంది బురద అంటింది. పాత సరుకే ఇక. ఇరవై ఐదు."

మార్లిస్ నోరు తెరుచుకుని చూసింది. ఐదు నెలలుగా కాగితం చూసి తప్ప ఒక్క ముక్క మాట్లాడని మనిషి, మోకాళ్ల దాకా బురదతో నిలబడి, తండ్రి దుకాణంలో పదహారేళ్ల వయసులో అమ్మిన మొదటి పార కథ చెబుతున్నాడు. హార్లన్ వెటకారం చేస్తున్నాడు. ఆయన తిరిగి అంటిస్తున్నాడు. కోర్ట్నీ గడియారం చూపిస్తూ చుట్టూ తిరుగుతోంది. ఇరవై ఏడున్నర దగ్గర ఇద్దరూ చేతులు కలిపారు. నాలుగూ యాభై రెండు.

"ఇప్పుడైనా డాలరు, సార్..." అంది కోర్ట్నీ.

హార్లన్ ఆమెని పట్టించుకోలేదు. "గవర్నరు గారూ, ఒక్క సంగతి అడుగుతాను. మీరు గెలుస్తారా?"

"లేదు."

"మరెందుకు ఈ తిరుగుడంతా?"

ఫెన్నర్ గేటుకి ఆనుకున్నాడు. "గవర్నరు పదవి అయిపోయింది. కంపెనీ మా అమ్మాయి చూసుకుంటోంది, నాకన్నా బాగా. ఇంట్లో పొద్దున లేచి ఎటు వెళ్లాలో తోచలేదు. ఎవరో వచ్చి, అధ్యక్షుడిగా నిలబడొచ్చు కదా అన్నారు. సరే అన్నాను."

హార్లన్ తను కొన్న ఆరు పారల్నీ ఒక్కొక్కటిగా మోసుకెళ్లి కొట్టం గోడకి ఆనించి వచ్చాడు. కోర్ట్నీ చెప్పులు విప్పి గట్టు మీద కూలబడింది. ఐదు దాటింది. దాటాక మరో నాలుగు నిమిషాలు ఆగి, హార్లన్ జేబులోంచి ఒక డాలరు నోటు తీసి, తొడకేసి రుద్ది సాపు చేసి, గవర్నరు గారి చేతిలో పెట్టాడు.

"ఇదేంటి?"

"చందా. ఇందాకటి దాకా ఇదిస్తే మీకు పనుండేది. ఇప్పుడు దీంతో మీకేం పని లేదు, నాకూ ఏం రాదు. ఇప్పుడిస్తే చందా అంటారు."

ఫెన్నర్ ఆ నోటుని జాగ్రత్తగా మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. కోర్ట్నీ ఏడవాలో నవ్వాలో తెలియక, అలవాటు కొద్దీ ఫారం తీసి హార్లన్ పూర్తి పేరు, వృత్తి అడిగి రాసుకుంది. మార్లిస్‌కి మాత్రం నవ్వాగలేదు. కంచె పట్టుకుని, పక్కటెముకలు నొప్పెట్టేదాకా నవ్వింది.

"గురువారం లారీలోకి పందుల్ని ఎక్కించాలి. మనిషి కావాలి. గంటకి పద్దెనిమిది డాలర్లు. వస్తారా?" అన్నాడు హార్లన్.

ఫెన్నర్ వచ్చాడు. శుక్రవారం కూడా వచ్చాడు. విలేకరులు పందుల కొట్టం బయట కాపు కాశారు. రైతుల మనసు గెలుచుకునే గొప్ప ఎత్తుగడ అని పత్రికలు రాశాయి. డిబేట్‌లో ఆరుగురూ ఒకరినొకరు తిట్టుకుంటూ ఉంటే, అక్కడ లేని ఫెన్నర్‌కి సర్వేలో నాలుగు శాతం పెరిగింది. అయోవా నుంచే, ఏమీ అడక్కుండా, మూడు వందల పైచిలుకు చందాలు వచ్చి పడ్డాయి.

కోర్ట్నీ ఆనందం పట్టలేక మార్లిస్‌ని హార్లన్ ఇంటికి పంపింది. ఆమె వెళ్లేసరికి ఫెన్నర్ రబ్బరు బూట్లతో తొట్టెలో దాణా పోస్తున్నాడు.

"వచ్చే నెల ఇంకో డిబేట్ ఉందటండీ. ఈసారి తప్పకుండా ఎక్కనిస్తారట," అంది.

"ఏం మాట్లాడతాను మార్లిస్ గారూ అక్కడ?"

"ఇక్కడ మా బావగారితో మాట్లాడినట్టు మాట్లాడండి."

ఆయన నిజంగానే ఆలోచించాడు. "ఆరుగురితో బేరం కుదరదు," అన్నాడు చివరికి. "పోటీలోంచి తప్పుకుంటున్నానని కోర్ట్నీకి మీరే చెబుతారా? నాకు భయం."

మార్లిస్ చెప్పింది. ఫోనులో అవతలి అరుపులు ఆగేదాకా ఓపిగ్గా పట్టుకుంది. తర్వాత ఇంటికెళ్లి, డెల్‌ని లేపి, చేపలు పట్టే గేలాలు కారులో వేయించి, మార్చి నుంచి వాయిదా పడుతున్న, పక్క రాష్ట్రం మిన్నెసోటా చెరువుల ప్రయాణానికి ఆ సాయంత్రమే బయల్దేరింది.