పెట్టెల మీద భోజనం

పన్నెండు దాటేసరికి పెనం ముందు నిలబడ్డ ఎర్మెలిందా మెడ మీద చెమట ధారగా కారుతోంది. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. ఒక చేతిలో మొక్కజొన్న పిండి ముద్ద ఉంది, రెండో చెయ్యి రొట్టెను తిప్పుతోంది. గాజు పలకకు అవతల ఇద్దరు ఆడవాళ్ళు ఫోన్లు ఎత్తి ఆమెను ఫోటో తీస్తున్నారు. వాళ్ళలో ఒకావిడ కాస్త నవ్వమని సైగ చేసింది. ఎర్మెలిందా నవ్వింది.

కూతురు అరాసెలి అది చూసి తల తిప్పుకుని, చేతిలోని మూడు పళ్ళాలతో బల్లల వైపు నడిచింది.

ఆ మార్కెట్టు పేరు ఎల్ పొర్వెనిర్. కాలిఫోర్నియాలో స్ట్రాబెర్రీ తోటల మధ్య ఉన్న ఆ చిన్న ఊళ్ళో ఎండుమిరపకాయలు, నాగజెముడు ఆకులు, మేకమాంసం, దేవుడి కొవ్వొత్తులు అన్నీ అక్కడే దొరుకుతాయి. మాంసం కొట్టేచోటుకీ కొవ్వొత్తుల అలమరకీ నడుమ ఎనిమిది బల్లలు వేసి భోజనం పెడతారు. సరుకులు కొనేవాళ్ళు బండ్లు తోసుకుంటూ ఆ బల్లల మధ్య నుంచే వెళ్ళాలి. వెళ్ళేవాళ్ళు తింటున్నవాళ్ళను చూసి "ప్రొవేచో" అంటారు. తిన్నది ఒంటబట్టాలని దాని అర్థం. ఎదుటివాళ్ళు తెలిసినవాళ్ళు కానక్కర్లేదు, అనకుండా దాటిపోవడం మాత్రం మర్యాద కాదు.

వసంతంలో ఒక పత్రికలో ఈ భోజనం గురించి రాశారు. అసలైన మెక్సికో రుచి ఇక్కడే ఉందన్నారు. అప్పటినుంచి శనివారాలు పెద్ద ఊళ్ళ నుంచి కార్లు వస్తున్నాయి. తొమ్మిది డాలర్ల మేకమాంసం పళ్ళెం పధ్నాలుగైంది. యజమాని దోన్ రుతీలియో గోడ పగలగొట్టించి పెనం అందరికీ కనిపించేలా గాజు పలక పెట్టించాడు. ఎర్మెలిందాకు రంగురంగుల పూలు కుట్టిన వెడల్పాటి రవిక తెచ్చి ఇచ్చాడు. మెక్సికోలోని వాళ్ళ ఊళ్ళో ఆడవాళ్ళు అలాంటిది ఎన్నడూ తొడుక్కోరు. అది రెండు రోజుల ప్రయాణమంత దూరంలో ఉన్న వేరే సీమ వాళ్ళది. "మావాళ్ళవి కావు కదా ఇవి" అని ఆమె అంటే, "ఇక్కడెవరికి తెలుసు కొమాద్రే" అని ఆయన నవ్వాడు. ఆమె తన పాత బనియను మీదనే దాన్ని తొడుక్కుని వేడిలో నిలబడుతోంది.

కొమాద్రే, కొంపాద్రే అన్న పిలుపులు ఊరికే రాలేదు. అరాసెలికి జ్ఞానస్నానం చేయించిన రోజు బిడ్డను చేతుల్లో పట్టుకున్నది రుతీలియోనే. ఆమెకు ఆయన పద్రీనో, అంటే జ్ఞానతండ్రి. ఆ రోజు నుంచి ఆయనా, అరాసెలి తండ్రి ఎపిఫానియో ఇద్దరూ ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోలేదు, కొంపాద్రే అనే పిలుచుకుంటారు; ఎర్మెలిందా ఆయనకు కొమాద్రే. ఆ బంధం రక్తం కన్నా గట్టిది. కొంపాద్రే అడిగిన దానికి కాదనకూడదు. ఇద్దరూ ఒకప్పుడు ఒకే తోటలో, పక్కపక్క చాళ్ళలో నడుం వంచి పళ్ళు కోసినవాళ్ళు. ఒకాయన కొట్టు పెట్టాడు, రెండో ఆయన ఇంకా చాల్లోనే ఉన్నాడు.

"తల్లీ, ఇటు రా" అని ఎండుమిరప బస్తాల దగ్గర నుంచి పిలిచాడు దోన్ రుతీలియో.

అరాసెలి చేతులు తుడుచుకుంటూ వెళ్ళింది.

"మీ నాన్నావాళ్ళు వచ్చే వేళయింది. ఇవాళ్టినుంచి వెనక గుమ్మం దగ్గర కూర్చోమని చెప్పు. కూర అదే, ఇంకో గరిటె ఎక్కువే వేయిద్దాం. బల్లలు మాత్రం వీళ్ళకి కావాలి."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు.

"బురద బూట్లతో వస్తారా, పైగా ఆ మెలితోన్ బల్ల బల్లకీ ఆగి ప్రొవేచో, ప్రొవేచో అంటాడు. వచ్చినవాళ్ళకి తెలీదు గదా. అడుక్కుంటున్నాడనుకుంటారు."

ఎవరైనా అలా అన్నారా అని అడగాలనుకుంది. ఆమె మాటలు ఎప్పుడూ గొంతు దాకా వచ్చి ఆగిపోతాయి. ఎలాగో "మీరే చెప్పొచ్చు కదా పద్రీనో" అంది.

"నేను చెప్తే మాట పట్టింపొస్తుంది. నువ్వయితే కూతురివి, నొచ్చుకోడు." ఆయన ఆమె ముఖం చూడకుండా బస్తాలోంచి ఒక మిరపకాయ తీసి తొడిమ తుంచాడు. "నేను తోటలో పళ్ళపెట్టెల మీద కూర్చుని తినలేదా ఏంటి? ఏళ్ళ తరబడి తిన్నా. ఏం తక్కువైపోయింది?"

వారం మొత్తంలో ఎపిఫానియో, ఎర్మెలిందా ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకుంటూ తినేది శనివారం మధ్యాహ్నమే. మిగతా రోజుల్లో ఆయన చీకటితోనే తోటకు వెళ్ళిపోతాడు. ఆమె కొట్టు కట్టేసి వచ్చేసరికి నిద్రపోతుంటాడు. శనివారం ఒంటిగంటకు తోటలో పని ఆపేస్తారు. అప్పుడు ఆమెకు పావుగంట విరామం. కొవ్వొత్తుల పక్కనున్న చిన్న బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుంటారు. ఆయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుంటాడు. ఆమె ఆయన కోసం కాస్త మందంగా చేసిన రొట్టెలను నీలం అంచు రుమాలులో చుట్టి తెస్తుంది. పెద్దగా మాట్లాడుకోరు కూడా. మేకమాంసం చారులో రొట్టె ముంచుకుంటూ ఆయన "ఊఁ" అంటే ఆమె "ఊఁ" అంటుంది. పళ్ళాలు తీస్తూ అరాసెలి వాళ్ళను చూసేది.

ఆ బల్ల మీద ఇప్పుడు ఇంగ్లీషులో రాసిన చిన్న అట్టముక్క నిలబెట్టి ఉంది. ఆ బల్లను ముందే ఎవరికో కేటాయించారని దాని అర్థం. దాని ముందు ఎవరూ లేరు.

అరాసెలి బయటికి వెళ్ళేసరికి తండ్రి తలుపు పక్కనున్న కుళాయి కింద బూట్లు కడుగుతున్నాడు. ప్రతి శనివారమూ అంతే. ముందు బూట్లు, తర్వాత మోచేతుల దాకా చేతులు, తర్వాత ముఖం. తర్వాత కారు వెనక సీట్లోంచి ఉతికిన చొక్కా తీసి తొడుక్కుంటాడు. ఎన్నిసార్లు కడిగినా గోళ్ళ చుట్టూ స్ట్రాబెర్రీ ఎరుపు పోదు. మెలితోన్, ఇంకో ఇద్దరు కూలీలు ఆయన వెనక తమ వంతు కోసం నిలబడి ఉన్నారు.

"ఏమ్మా, ఎదురొచ్చావ్? లోపల ఖాళీ లేదా?" అన్నాడు తండ్రి.

ఆ ప్రశ్నే ఆమెకు దారి చూపించింది. "లేదు నాన్నా. జనం ఎక్కువున్నారు. పద్రీనో... వెనకవైపు కూర్చోమన్నారు. కూర ఎక్కువ వేయిస్తానన్నారు."

ఎపిఫానియో గాజు తలుపులోంచి లోపలికి చూశాడు. కొవ్వొత్తుల పక్కనున్న బల్ల అక్కడినుంచి కనిపిస్తుంది. ఖాళీగా కనిపించింది. ఆయన చూసి, చూడనట్టే తడిచేతులు చొక్కాకు తుడుచుకున్నాడు. తీసిన టోపీ మళ్ళీ పెట్టుకున్నాడు.

"మంచిదే. కొంపాద్రేకి గిరాకీ బాగుంది" అన్నాడు.

"లోపల చల్లటి గాలి నాకూ పడదులే, జలుబు చేసుద్ది" అన్నాడు మెలితోన్. మిగతా ఇద్దరూ నవ్వలేదు.

కొట్టు వెనక చెత్తడబ్బాల పక్కన ఖాళీ పళ్ళపెట్టెలు పేర్చి ఉన్నాయి. మెలితోన్ నాలుగు తీసి బోర్లించాడు. "పొద్దున్నుంచీ నేను వీటిని మోశా. ఇప్పుడివి నన్ను మోస్తయ్యి. లెక్క సరిపోయింది." ఈసారి ఎపిఫానియో కొంచెం నవ్వాడు, కూతురి కోసం.

ఆమె వెనక గుమ్మంలోంచి పళ్ళాలు తెచ్చి పెట్టెల మీద పెట్టింది. తండ్రి కళ్ళెత్తకుండానే, "కాస్త ఉప్పూ నిమ్మబద్దలూ తెచ్చిపెట్టమ్మా" అన్నాడు. ఆమె తిరిగి వెళ్తుంటే, "మీ అమ్మకి చెప్పమాక. కంగారుపడుద్ది" అన్నాడు.

ఉప్పు పళ్ళెం చేతిలోకి తీసుకుంది. వెనక గుమ్మం ఎంతో దూరం లేదు. కానీ మళ్ళీ వెళ్తే ఆయన ఆ పెట్టె మీద కూర్చుని తినడం చూడాలి. ఇంతలో ఎవరో నీళ్ళడిగారు. పళ్ళెం అరుగు మీద పెట్టేసి నీళ్ళ కూజా అందుకుంది. పని ఉండడం ఆమెకు మేలనిపించింది.

కిటికీ పక్క బల్ల దగ్గర తెల్లజుట్టు ముసలావిడ, ఆవిడ భర్త కూర్చుని ఉన్నారు. పోయిన శనివారం కూడా వచ్చారు. నీళ్ళు పోస్తుంటే ముసలావిడ ఇంగ్లీషులో మెల్లగా అడిగింది. "అమ్మాయ్, ఆ టోపీ ఆయన ఇవాళ రాలేదా? చిన్న బల్ల దగ్గర భార్యతో కూర్చుంటాడే, ఆయన."

అరాసెలి కూజా నిటారుగా పట్టుకుంది.

"పోయినసారి మా పక్కనుంచి వెళ్తూ ఏదో అన్నాడు. మాకర్థంకాక ఊరుకున్నాం. మా ఆయన ఇంటికెళ్ళి ఎవర్నో అడిగి తెలుసుకున్నాడు. ఎంత మంచి మాటో! ఇవాళ మేమే ముందుగా ఆయనకి అందామని వచ్చాం."

"వారమంతా నోరు తిప్పుకోవడం నేర్చుకుంది" అన్నాడు భర్త. "నేను ఏం తిన్నా ప్రొవేచో అంటుంది, కాఫీ చప్పరించినా అంటుంది."

ఎవరూ ఏమీ అనలేదన్నమాట. అడుక్కుంటున్నాడని అనుకున్నవాళ్ళు లేరు.

"రాలేదండి" అంది అరాసెలి.

"అయ్యో. నీకు తెలుసా ఆయన?"

"లేదండి. అప్పుడప్పుడూ వస్తుంటారు."

ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో చూసి ఆమెకే భయం వేసింది. గొంతులో ఏదీ అడ్డుపడలేదు. పక్క బల్ల దగ్గరికి వెళ్ళి తుడిచింది. అప్పటికే తుడిచిన బల్లను మళ్ళీ తుడిచింది. వెనక నలుగురు మనుషులు చెత్తడబ్బాల పక్కన తింటున్నారు. వాళ్ళలో ఒకాయన, ఆమె చదువుకోవాలని, ఆమెను ఏనాడూ తోట పనికి రానివ్వలేదు. ఆయన్ని తెలీదని చెప్పడానికి ఇంగ్లీషు పనికొచ్చింది.

"ఏమే, మీ నాన్న ఏడీ?" గాజు పలక వెనకనుంచి తల్లి అడిగింది. పెనం అంచున నీలం అంచు రుమాలు వెచ్చగా చుట్టి ఉంది. "రొట్టెలు చల్లారిపోతున్నయ్."

"పని ఇంకా అవలేదేమో."

"శనివారమా?" అంది ఎర్మెలిందా. కూతురి ముఖం ఒక్క క్షణం చూసింది. పిండి అయిపోయిందని గిన్నె పట్టుకుని చల్లగది వైపు వెళ్ళింది. చల్లగదికి వెనక గుమ్మం పక్కనుంచే దారి.

తిరిగి వచ్చేటప్పుడు గిన్నె ఖాళీగానే ఉంది.

"టోపీ పెట్టుకునే తింటున్నాడు" అంది ఎర్మెలిందా. ఎవరితోనో చెప్తున్నట్టు కాక తనలో తానే అనుకున్నట్టు అంది. పెళ్ళయినప్పటినుంచి ఆయన టోపీ తియ్యకుండా అన్నం ముందు కూర్చోవడం ఆమె చూడలేదు. "పళ్ళాలు నువ్వే పట్టుకెళ్ళావా?"

"ఊఁ."

"నీకు ముందే తెలుసన్నమాట."

అరాసెలి నేల చూసింది.

"ఉప్పన్నా ఇచ్చావా?"

అరుగు మీద ఉప్పు పళ్ళెం అలాగే ఉంది. పక్కన నిమ్మబద్దలు ఆరిపోతున్నాయి. ఇద్దరూ దాన్ని చూశారు. తల్లి కొట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

ఎర్మెలిందా పూల రవికను రెండు చేతులతో తలమీదుగా తీసేసింది. లోపల తడిసిపోయిన పాత బనియను. గాజు పలకకు అవతల ఫోన్ ఎత్తిన ఒకాయన దాన్ని దించేశాడు. ఆమె రవికను నీటుగా మడిచి అరుగు మీద పెట్టి, రుమాలు మూట చేతిలోకి తీసుకుంది.

దోన్ రుతీలియో గబగబా వచ్చాడు. "కొమాద్రే, ఎక్కడికి? జనం చూస్తున్నారు."

"చూడనీండి. చూడ్డానికేగా నన్నిక్కడ నిలబెట్టింది."

"పోనీ వెనక గుమ్మంలోంచి వెళ్ళు."

"నా పావుగంట నాది కొంపాద్రే. మా ఆయనతో కూర్చుని తింటా. నేను రోజూ వచ్చేది ముందు గుమ్మంలోంచే, అట్నుంచే పోతా."

గొంతు పెంచలేదు. బల్లల మధ్య నుంచి నడిచింది. మొదటి బల్ల దగ్గర "ప్రొవేచో" అంది. రెండో బల్ల దగ్గర "ప్రొవేచో" అంది. ఏ బల్లనూ వదల్లేదు. తినేవాళ్ళు చెంచాలు ఆపి చూశారు. కిటికీ దగ్గర ముసలావిడ మాత్రం తడబడుతూ అదే మాట తిరిగి అంది. ఎర్మెలిందా ఆగి, తల వంచి, తలుపు తోసుకుని వెళ్ళిపోయింది.

దోన్ రుతీలియో చెమట తుడుచుకున్నాడు. అరుగు మీది రవిక తీసి అరాసెలి ముందు పట్టుకున్నాడు. "తొడుక్కో తల్లీ. పావుగంటే. రొట్టె తిప్పడం నీకొచ్చుగా."

రవిక మెడ దగ్గర అమ్మ చెమట నల్లగా కనిపిస్తోంది. కుట్టుపూలు తళతళలాడుతున్నాయి. జ్ఞానస్నానం నాడు తనను ఎత్తుకున్న చేతులు అవే.

"వచ్చు పద్రీనో" అంది అరాసెలి. చెయ్యి మాత్రం చాపలేదు. "మా నాన్నకి ఉప్పియ్యాలి."

పళ్ళెం తీసుకుంది. తల్లి వెళ్ళిన దారినే బల్లల మధ్యకు నడిచింది. కిటికీ దగ్గరికి వచ్చేసరికి గొంతులో మాట ఎప్పట్లాగే అడ్డుపడింది. ఈసారి అది వచ్చేదాకా ఆగింది.

"ఇందాక అబద్ధం చెప్పానండి. ఆయన వచ్చారు. మా నాన్న. బయట తింటున్నారు."

ముసలావిడ ఆమెను చూసింది. తర్వాత కొవ్వొత్తుల పక్కన అట్టముక్క ఉన్న ఖాళీ బల్లను చూసింది. అరాసెలి ఆ చూపు కింద నిలబడలేక, పారిపోలేక, పళ్ళెం రెండు చేతులతో పట్టుకుని మామూలు నడకతో తలుపు దాకా వెళ్ళింది.

వెనక పెనం మీద వదిలేసిన రొట్టె మాడుతున్న వాసన కొట్టంతా వ్యాపించింది. దోన్ రుతీలియో చేతుల్లో రవికతో అక్కడే నిలబడి ఉన్నాడు. రొట్టె తిప్పడం ఒకప్పుడు ఆయనకూ వచ్చేది.