వెనక తలుపు మిషను

ఆదాం కండక్టరుగా ఉన్న బస్సు కోసం జనం ముందొచ్చిన బస్సును వదిలేసేవాళ్ళు. గుంటూరు నుంచి ప్రత్తిపాడు దాకా తిరిగే జయరావు బస్సులన్నీ ఒకటే రంగు, ఒకటే చార్జీ. అయినా పుల్లడిగుంట దగ్గర చింతపండు బుట్టతో నిలబడ్డ మనిషి కూడా మెడ చాచి, ఫుట్‌బోర్డు మీద ఆదాం కనిపిస్తేనే చెయ్యెత్తేది. చిల్లర లేదంటే రేపివ్వమనేవాడు. మిరపకాయ బస్తాని తానే ఒక చెయ్యి వేసి పైకెక్కించేవాడు. పసిపిల్లల తల్లికి సీటు ఇప్పించడం కోసం మీసాలున్న ఆసామిని సైతం లేపేవాడు. ఎవరూ ఏమనేవాళ్ళు కాదు, ఎందుకంటే ఆ రోడ్డు మీద ఆదాంకి ఉన్న పరపతి అలాంటిది.

ఆ సంగతి జయరావుకి బాగా తెలుసు. ఒకరోజు బ్రాడీపేటలోని ఆఫీసుకి ఆదాంని పిలిపించి, ఇన్నేళ్ళలో మొదటిసారి కుర్చీ చూపించాడు.

"కూర్చోవయ్యా ఆదాం. బెంగుళూరు వెళ్ళొచ్చాను. అక్కడ టిక్కెట్లన్నీ కార్డుల మీదే. మనమూ పెడుతున్నాం. ఈ జిల్లాలో ఇంకెవడూ పెట్టకముందే పెడుతున్నాం."

ఆదాం కుర్చీ అంచున కూర్చుని ఊఁ కొట్టాడు.

"అయితే ఒకటి. మన జనం నా మాట వినరు. కాగితాలు పంచితే చదవరు. నువ్వు చెబితే వింటారు" అన్నాడు జయరావు. ఆపైన తనకేదో అప్పుడే గుర్తొచ్చినట్టు, "మీ అమ్మాయి బీకాం అయి ఇంట్లో ఉందన్నావు కదూ? కార్డు కౌంటర్లో కూర్చోబెడదాం. ఫ్యాను కింద ఉద్యోగం" అన్నాడు.

ఆదాం ఇంటికెళ్ళేసరికి కాళ్ళు నేల మీద ఆనడం లేదు. భార్య అమీర్‌బీ సేమియా చేసి చుట్టుపక్కల వాళ్ళకి పంచింది. షాహిస్తా మాత్రం, "నాన్నా, వాళ్ళకి మిషన్లొస్తే ఇక కండక్టర్లెందుకు?" అని అడిగింది. "పిచ్చిదానా, మిషను బస్తా ఎక్కిస్తదా?" అని నవ్వేశాడు తండ్రి.

మర్నాటి నుంచే ఆదాం బస్సులో నిలబడి కార్డు ఎత్తి చూపించడం మొదలుపెట్టాడు. 

"ఇదిగో, అందరూ వినండి. ఎక్కేటప్పుడు ఈ మిషనుకి తాకిస్తే చివరి స్టాపు దాకా అయ్యే చార్జీ మొత్తం పట్టుకుద్ది. దిగేటప్పుడు ఇంకోసారి తాకిస్తే, మీరు దిగిన ఊరి దాకా ఎంతో అంతే ఉంచుకుని మిగతాది మళ్ళీ కార్డులో వేసిద్ది. చిల్లర గొడవ లేదు. చార్జీ కూడా నోటిచ్చి కొన్న టిక్కెట్టు కంటే తక్కువ."

"తాకించడం మర్చిపోతే?" అని అడిగింది పిచ్చమ్మ. ఆమెది పుల్లడిగుంట. గుంటూరు మిర్చి యార్డు పక్కన కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీసే పనికి రోజూ ఇదే బస్సులో పోయేది. చేతులకి ఎప్పుడూ కాయ ఘాటు. ఆమె పక్కన కూర్చున్నవాళ్ళు తుమ్ముతూనే ఉండేవాళ్ళు.

"మర్చిపోతే మిగతాది రాదత్తా. చివరి దాకా వెళ్ళినట్టే లెక్క."

"ముందే అంతా పట్టుకోవడమెందుకురా? మేమేమన్నా దిగకుండా ఎగిరిపోతామా?"

బస్సంతా నవ్వింది. ఆదాం కూడా నవ్వి, "నా మాట మీద తీసుకో అత్తా. తేడా వస్తే నన్నడుగు" అన్నాడు. ఆ మాట ఆ నెలంతా ఎన్నిసార్లు అన్నాడో అతనికే గుర్తులేదు. పిచ్చమ్మ తీసుకుంది. ఆమెను చూసి ఆ ఊరి కూలి ఆడవాళ్ళంతా తీసుకున్నారు. బ్రాడీపేట కౌంటర్లో షాహిస్తా చేతికి తీరిక లేకుండా పోయింది. ఆదాం కూతురట అని చెప్పుకుని, ఆ పిల్ల ఎంత చెబితే అంత కట్టి వచ్చేవాళ్ళు.

మొదట్లో బాగానే నడిచింది. దిగేవాళ్ళు వరసగా వెనక తలుపు దగ్గరికొచ్చి, కార్డు తాకించి, అది కూయగానే పిల్లల్లా నవ్వుకుంటూ దిగేవాళ్ళు. మిరప కోతల కాలం వచ్చేసరికి బస్సులు కిటకిటలాడాయి. సాయంత్రం గుంటూరులో ఎక్కినవాళ్ళకి ఊపిరి తీసుకునే సందు ఉండేది కాదు. సరిగ్గా అప్పుడే వెనక తలుపు దగ్గరి మిషన్లు మొరాయించడం మొదలుపెట్టాయి. ఒకసారి కూసేవి, ఒకసారి ఊరుకునేవి, తర్వాత పూర్తిగా ఆరిపోయాయి. ముందు తలుపు దగ్గర తాకిద్దామంటే అంతమందిని తోసుకుని వెళ్ళేదెవరు? డ్రైవరు హారన్ కొడుతుండేవాడు. జనం తోసుకుంటూ వెనక నుంచే దిగిపోయేవాళ్ళు. పుల్లడిగుంటలో దిగినవాళ్ళందరి కార్డుల్లోనూ ప్రత్తిపాడు చార్జీ తెగుతుండేది.

జనం ఆదాంనే అడిగారు. ఆదాం డిపోలో చెప్పాడు. బాగుచేసేవాడు హైదరాబాదు నుంచి రావాలన్నారు. కౌంటర్లో అడిగితే షాహిస్తా, "మీరు దిగేటప్పుడు తాకించినట్టు మిషన్లో లేదండీ" అని చెప్పేదట. ఒకరోజు పిచ్చమ్మ బస్సెక్కుతూనే, "నీ కూతురు నన్ను అబద్ధాలకోరుని చేసింది రా" అంది. ఆదాం ఆమె మొహంలోకి చూడలేక, "మాట్లాడతాలే అత్తా" అన్నాడు. ఇంట్లో షాహిస్తాని అడగబోయాడు. ఆ పిల్ల అన్నం కలుపుతూ తలెత్తలేదు. మొదటి జీతంతో తెచ్చిన కొత్త మిక్సీ గట్టు మీద ఉంది. ఆదాం తన కంచం ముందుకి లాక్కున్నాడు.

ఎండలు ముదిరాక కంపెనీ ఇంకో రూలు తెచ్చింది. నోట్లకి టిక్కెట్టు ఇక ఇవ్వరు. కార్డు ఉంటేనే ఎక్కాలి. ఒక కార్డు మీద ఒక్కరే ప్రయాణం చెయ్యాలి. కార్డులు అరువు తిరుగుతున్నాయని చెకింగ్‌కి మనుషుల్ని కూడా పెట్టారు.

ఆ రోజుల్లోనే పిచ్చమ్మ మొగుడు యలమంద పొలంలో పురుగుమందు కొడుతూ గాలి తిరగబడి పడిపోయాడు. గుంటూరు పెద్దాసుపత్రిలో పెట్టారు. పిచ్చమ్మ పని మానుకుని, పొద్దున వండిన గంజి, మెత్తటి అన్నం కారియర్లో పెట్టుకుని మధ్యాహ్నం బస్సులో పోయేది. ఇంట్లో ఉన్న నోట్లన్నీ మందులకి పోయాయి. బస్సు సంగతి కార్డులో ఉందన్న ధైర్యంతో తిరుగుతోంది.

ఒక మధ్యాహ్నం పుల్లడిగుంటలో ఎక్కి కార్డు తాకిస్తే మిషను ఎర్రగా వెలిగింది. మళ్ళీ తాకించింది. మళ్ళీ ఎరుపే.

"మొన్నేగా ఆదాం, నేను డబ్బు కట్టింది? ఏమైపోయిందిరా?"

ఏమైపోయిందో ఆదాంకి తెలుసు. రోజూ సాయంత్రం తిరుగు ప్రయాణంలో వెనక తలుపు తినేసింది. "కూర్చో అత్తా, నేను చూసుకుంటా" అని ఇంజను పక్క సీటు చూపించాడు. ఆమె కారియర్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "ఇయ్యాళ కళ్ళు తెరిచాడంట. నిన్న రాత్రి పక్క మంచం వాళ్ళు ఫోను చేయించారు. నన్నడిగాడంట" అని అతనికొక్కడికే చెబుతున్నట్టు చెప్పింది.

ఏటుకూరు దగ్గర చెకింగ్ మనిషి ఎక్కాడు. జయరావుకి మేనల్లుడు వరస. ఒక్కొక్కరి కార్డూ తన చేతిలోని మిషనుకి ఆనించుకుంటూ వచ్చి పిచ్చమ్మ దగ్గర ఆగాడు.

"దీంట్లో ఏమీ లేదు. ఎట్టా ఎక్కావు?"

"ఆసుపత్రికి బాబూ. మా ఆయన..."

"ఎట్టా ఎక్కావని అడుగుతున్నా." వెనక్కి తిరిగాడు. "ఏమయ్యా కండక్టరూ, నువ్వేనా ఎక్కించింది?"

ఒక ముసలాయన, "నా కార్డు మీద కొట్టండయ్యా" అన్నాడు. ఒక కార్డుకి ఒక్కరేనన్నాడు చెకింగ్ మనిషి. ఆదాం జేబులో పైసా లేదు. డ్యూటీలో కండక్టరు సొంత డబ్బు ఉంచుకోకూడదన్నది ముందు నుంచీ ఉన్న రూలే. కానీ అతని నోరు ఆగిపోయింది అందుకు కాదు. ఆ వారమే జయరావు పిలిచి, ఊరకే ఎక్కిస్తున్న కండక్టర్ల పేర్లు తనకి చేరుతున్నాయన్నాడు. కూతురి కుర్చీ, కొత్త మిక్సీ, అమీర్‌బీకి చేయించాల్సిన కంటి ఆపరేషను ఒక్కసారిగా కళ్ళముందు తిరిగాయి.

"నేను చూళ్ళేదండీ. ఎప్పుడెక్కిందో" అన్నాడు ఆదాం.

పిచ్చమ్మ అతని వంక చూసింది. తిట్టలేదు. కారియర్ పట్టుకుని లేచి, తోస్తారేమోనని భయపడ్డట్టు తనంతట తానే గబగబా దిగిపోయింది. బస్సు కదిలింది. తలుపులోంచి చూస్తే, నెత్తిన కొంగు లాక్కుని గుంటూరు వైపు నడవడం మొదలుపెట్టింది. తారు రోడ్డు మీద ఎండ ఆవిర్లు కక్కుతోంది.

ఆమె ఆసుపత్రికి చేరేసరికి యలమందకి మళ్ళీ స్పృహ తప్పింది. అప్పటిదాకా తలుపు వంకే చూస్తూ, పిచ్చి వచ్చిందా అని అడుగుతూనే ఉన్నాడని పక్క మంచం వాళ్ళు చెప్పారు. పెళ్ళాన్ని అతను పిలిచే పేరు అది. ఆ తర్వాత కళ్ళు తెరవలేదు. రెండో నాటికి పోయాడు. ఆమె బస్సులోనే వచ్చి ఉన్నా అతను బతికేవాడు కాదని డాక్టర్లు అన్నారట. ఆ మాట బస్సులో చాలామంది ఆదాంకి ఊరట కోసం చెప్పారు. ఆ మాట విన్నప్పుడల్లా అతనికి అన్నం సయించేది కాదు.

ఆ ఆదివారం ఇంట్లో షాహిస్తాని నిలేశాడు.

"ఆమె కార్డులో డబ్బు ఎట్టా పోయిందో నీకు తెలియదా? వెనక మిషన్లు పాడయ్యాయని తెలియదా?"

"తెలుసు. రెండుసార్లు రాసిచ్చాను నాన్నా. జయరావు బాగుచేయించొద్దన్నాడు."

"ఎందుకు?"

"ఎందుకేమిటి? తాకించకుండా దిగినవాళ్ళ డబ్బంతా ఎక్కడికి పోతుందనుకున్నావు? టిక్కెట్ల కంటే దాని మీదే ఎక్కువ మిగులుతోందని ఆయనే నా ముందు అన్నాడు."

"మరి నాకు చెప్పలేదే?"

"చెబితే కార్డులు అమ్మేవాడివా?" అంది షాహిస్తా. "వర్షాకాలానికి కండక్టర్లందరినీ తీసేస్తున్నారు. మొదటినుంచీ అనుకున్నదే. జనాన్ని అలవాటు చేసేదాకా మీరు కావాలి. నిన్నొక్కడినీ ఉంచమని అడిగాను. చూద్దామన్నాడు. నోరు మూసుకుంటే చూద్దామన్నాడు."

అమీర్‌బీ వంటింట్లోంచి అంతా వింటూనే ఉంది. బయటికి రాలేదు.

సోమవారం ఆదాం బ్రాడీపేట ఆఫీసుకి వెళ్ళాడు. ఈసారి కుర్చీ చూపించలేదు.

"పిచ్చమ్మ కార్డు డబ్బులు తిరిగివ్వండి బాబూ. ఆమెవే కాదు, అందరివీ. నా మాట మీద తీసుకున్నారు."

"అవునయ్యా, నీ మాట మీదే తీసుకున్నారు. చెప్పింది నువ్వే, అమ్మింది మీ అమ్మాయి. నన్నెవడు అడుగుతాడు?" అన్నాడు జయరావు మెత్తగా. "అరవకు. నిన్ను తీసెయ్యను. చెకింగ్‌లో వేస్తాను. జనం మొహాలు నీకు తెలుసుగా, ఎవడు తాకించడో ఇట్టే పట్టేస్తావు."

ఆదాం మెడలోని తోలు సంచీ తీసి బల్ల మీద పెట్టాడు. ఏదో అనాలనుకున్నాడు. అద్దానికి అవతల కౌంటర్లో షాహిస్తా తల వంచుకుని ఎవరికో కార్డు ఇస్తోంది. ఆ పిల్లని చూసి అనాలనుకున్నది మింగేసి బయటికొచ్చేశాడు.

కూతురు ఉద్యోగం మానలేదు, మానమని తండ్రీ అనలేదు. నెల మొదట్లో ఆ జీతంతోనే బియ్యం వచ్చేవి. కంచంలో మొదటి ముద్ద పట్టుకుని ఆదాం ఒక్క క్షణం ఆగేవాడు, ఆ తర్వాత తినేవాడు.

వానలు మొదలయ్యాక వేరేవాళ్ళ ఆటో అద్దెకి తీసుకుని అదే రోడ్డు మీద షేరింగ్ తిప్పడం మొదలుపెట్టాడు. ఆ వయసులో క్లచ్చు అలవాటవడం కష్టమే అయింది. అంతకంటే కష్టం జనంతో. ఒకప్పుడు అతని కోసం బస్సు వదులుకున్నవాళ్ళే ఇప్పుడు అతని ఆటోని చూసి తల తిప్పుకుని వెనకొచ్చే ఆటో కోసం నిలబడేవాళ్ళు. ఎక్కినవాళ్ళు మాట్లాడేవాళ్ళు కాదు.

ఒకరోజు పొద్దున పుల్లడిగుంటలో సన్నగా చినుకులు పడుతున్నాయి. ఇంకో ఆటో కనుచూపు మేరలో లేదు. పిచ్చమ్మ మరో ఇద్దరు ఆడవాళ్ళతో నిలబడి ఉంది. ఆదాం ఆపాడు. మిగతా ఇద్దరూ ఆమె వంక చూశారు. ఆమె ఎక్కి కూర్చుంది.

"అత్తా" అన్నాడు ఆదాం. "ఆ రోజు నేను..."

పిచ్చమ్మ కొంగు ముడి విప్పి, గుంటూరు దాకా చార్జీ తీసి, ఎర్రబారిన చేతిని అతని భుజం మీదుగా ముందుకి చాపింది.

"ముందే తీసుకో. సరిపోయిందో లేదో ఇక్కడే చూసుకో. మళ్ళీ దారిలో దించితే నేను నడవలేను."

ఆదాం తీసుకున్నాడు. ఆ రోజుకి కట్టాల్సిన ఆటో అద్దె ఇంకా చేతికి రాలేదు. మిరపకాయ ఘాటుకి కళ్ళు మండుతుంటే ముందుకు చూస్తూ గుంటూరు దాకా నడిపాడు. వెనక ముగ్గురూ తమలో తాము కూలి రేట్ల గురించి మాట్లాడుకున్నారు.