పది వేళ్ళు

నీళ్ళ సీసా కొనుక్కొస్తానని పోయిన విష్ణువర్ధన్ ఆ సీసాను చంకలో పెట్టుకుని అద్దం అవతల ఫోనులో మాట్లాడుతున్నాడు, మాట్లాడుతూ రెండుసార్లు ఇటే చూశాడు, ఊరికే చూసే చూపు కాదది, సంతలో బేరం కుదిరాక కొన్నవాడు గొర్రె వైపు చూసే చూపు, అనుకుంది గంగక్క, అనుకుని కొంగు తలమీదికి లాక్కుంది, కాళ్ళ కింద నేల సన్నగా వణుకుతూనే ఉంది, బస్సును బస్సుగానే ఓడ కడుపులోకి తోలేసి, మనుషుల్ని మెట్లెక్కించి ఈ కుర్చీల గదిలో కూర్చోబెట్టారు, వెనక ఇంగ్లండు గడ్డ సున్నం కొట్టిన గోడలాగా తెల్లగా కనబడుతోంది, గంటన్నరలో ఫ్రాన్సు వస్తుందట, మళ్ళీ అదే బస్సులో పారిస్, రేపు పొద్దున టెన్నిస్, లోకంలో పెద్ద పోటీలు నాలుగుంటే ఎర్రమట్టి మీద ఆడేది ఇదొక్కటేనట, అందుకే నువ్వు చూడాల గంగక్కా అన్నాడు విష్ణువర్ధన్, అందుకేనా, నిజంగా అందుకేనా.

సోమందేపల్లె దాటాక హైవే పక్కన వాడు నడిపే టెన్నిస్ గ్రౌండులో ఆమెది మట్టి పని, పదకొండేళ్ళుగా అదే, ఎండ ముదరకముందే నాలుగు కోర్టులకూ నీళ్ళు చల్లాలి, ఇటుకపొడి అణిగేదాకా రోలరు లాగాలి, ఆట అయ్యాక పాదాల గుర్తులు పోయేలా వల ఈడ్చి తెల్లగీతలు చీపురుతో తుడవాలి, ఆట నేర్పేవాళ్ళు ఐదుగురున్నారు, ఇంగ్లీషు వచ్చినవాళ్ళు, వాళ్ళలో ఒక్కరినీ పిలవలేదు, గ్రౌండుకు సాయం చేసే ఇంగ్లండు ముసలి దొరసాని రెండు టికెట్లు కొంటే అందులో ఒకటి తనకట, పోయినేడు వచ్చినప్పుడు ఆ దొరసాని కోర్టు మీద వంగి మట్టిని అరచేత్తో నిమిరి ఈ పని ఎవరిదని అడిగిందట, అదీ విష్ణువర్ధన్ చెప్పిన మాటే, ఆమె ఏమందో తనకేం తెలుసు, నాలుగు రోజులు ఆమె ఇంట్లోనే ఉన్నారు, ఆమె చేయి పట్టుకుని నవ్వేది, తనూ నవ్వేది, చలి అని తన ఉన్ని చొక్కా తీసి తొడిగింది, కానీ మాట ఏదైనా వీడి నోటి మీదుగానే రావాలి, ఏది దాటించాడో ఏది మింగాడో.

కోర్టుల కంచెకు ఆనుకుని తన రెండెకరాల పది సెంట్లు ఉంది, అదీ అసలు సంగతి, నాలుగేళ్ళ కిందట ఇంకో నాలుగు కోర్టులు వేస్తాం, ఆ నేల ఇయ్యక్కా అని అడిగాడు, ఇయ్యనప్పా అంది, మళ్ళీ అడగలేదు, ఆ అడగకపోవడమే ఆమెకు నిద్ర లేకుండా చేసింది, నేల అడిగి ఊరుకునే ఇంటివాళ్ళు కారు వాళ్ళు, వాళ్ళ నాయన పార్టీలు పట్టుకుని ఊరి కొట్లాటల్లో తిరిగిన మనిషి, పోనీ ఆ నేలలో బంగారం పండుతోందా అంటే అదీ లేదు, చెనిక్కాయ విత్తిన నాలుగేళ్ళలో మూడేళ్ళు విత్తనం కూడా తిరిగి రాలేదు, బోరు ఎండి పైపుకు కందిరీగలు గూడు కట్టాయి, అయినా అది తనది, నాయన దాసప్పకు ఆరెకరాలుండేది, పెద్దమనిషి ఒకాయన జీపెక్కించుకుని పెనుకొండకు తీసుకుపోయి హోటల్లో పూరీ పెట్టించి, భుజాన కొత్త టవల్ వేసి, కరువు సాయం వస్తుంది ఈడ వేలు పెట్టు దాసప్పా అన్నాడు, నాయన మురిసిపోతూ ఇల్లు చేరాడు, ఈ రెండెకరాలు తప్ప మిగతా నేల పోయిన సంగతి ఆరునెలలకు తెలిసింది, నాయనది ఒక్క వేలు, బెంగళూరు వీసా ఆఫీసుల్లో తనవి పది వేళ్ళూ అద్దం మీద పెట్టించారు, ఒకసారి ఇంగ్లండుకని, ఒకసారి ఫ్రాన్సుకని, రోలరు లాగి లాగి గీతలు అరిగిన వేళ్ళు మిషనుకు అందక తడిగుడ్డతో తుడిచి మళ్ళీ మళ్ళీ నొక్కించారు, ఈ పొద్దున ఓడ ఎక్కేముందు ఫ్రాన్సు పోలీసు కూడా అద్దం చూపించాడు, పెట్టక్కా ఏం కాదు అన్నాడు వీడు, సిరా లేదు, మరక లేదు, ఆ ముద్ర పోయి ఏ కాగితం కింద పడుతోందో ఎవరికి తెలుసు, పాస్‌పోర్టు కూడా వీడి దగ్గరే, పోగొట్టుకుంటావక్కా అన్నాడు, యాభై ఆరేళ్ళలో తాళంచెవి పోగొట్టుకోని మనిషి తను.

సంచి మాత్రం కుర్చీలో వదిలిపోయాడు.

ఒకరి సంచిలో చేయి పెట్టడం ఆమెకు పుట్టుకలో లేదు, గ్రౌండులో ఆడేవాళ్ళ వాచీలు, గొలుసులు మట్టిలో దొరికితే ఎన్నిసార్లు తెచ్చి ఇచ్చిందో, కానీ చేయి దానంతట అదే జిప్పు లాగింది, తువ్వాలు, మందుబిళ్ళలు, కింద నీలం ప్లాస్టిక్ ఫైలు, ఫైలులో పైనే తన ఫోటో, అక్షరాలు రావు కానీ అంకెలు వస్తాయి, రెండువందల పద్నాలుగు, గీత, రెండు, తన సర్వే నంబరు, పాసుపుస్తకం జిరాక్సు, ఆ పుస్తకం ట్రంకుపెట్టెలో పెళ్ళిచీర మడతలో ఉంటుంది, అది తీయగలిగేది ఇద్దరే, తను, కొడుకు తిప్పేష్, అంటే వాడు కూడానా, కడుపున పుట్టినవాడు కూడానా, విమానంలో కిటికీ పక్క సీటు ఇచ్చిందీ, ఈడ తిండి నీకు పడదని వెతికి పెరుగన్నం తెచ్చిందీ అంతా ఇందుకేనా, ఫైలు పట్టుకుని లేచింది, బరువైన తలుపు భుజంతో తోసింది, గాలి కొంగును లాగేసింది, కమ్మీ అవతల నీళ్ళు, ఎటు చూసినా నీళ్ళే, విసిరేస్తే అయిపోతుంది, కానీ జిరాక్సు విసిరితే ఏమొస్తుంది, అసలుది ఎవరి దగ్గరుందో.

వాడు చూశాడు, పరుగెత్తలేదు, ఫోను జేబులో పెట్టుకుని మామూలుగా నడిచొచ్చి పక్కన నిలబడ్డాడు.

నా నేల కాగితం నీ సంచిలోకి ఎట్ల వచ్చె విష్ణప్పా, అంది.

వీసాకక్కా, అన్నాడు, ఒంటరి ఆడమనిషి, జీతం తక్కువ, పోతే తిరిగొస్తాదో రాదో అని వాళ్ళకు అనుమానం, ఊర్లో ఆమెకు నేల ఉండాది, దాన్ని ఇడిసి యాడికీ పోదు అని చూపిస్తిని, తిప్పేష్‌తో జిరాక్సు తెప్పిస్తిని, అసలుది మీ పెట్టెలోనే ఉండాది, దీని మీద నీ వేలిముద్ర ఉందేమో నువ్వే చూడు.

ఒక్కో కాగితం తిప్పింది, గాలికి ఎగరకుండా ఛాతీకి ఆనించుకుని తిప్పింది, గుండ్రటి సీళ్ళున్నాయి, తన ముద్ర లేదు, ఎక్కడో ఒక ఆఫీసులో ఎవరో తెల్లమనిషి ఈ ఫోటోను పట్టుకుని, ఈమెను నమ్మొచ్చా అని తనలాగే కళ్ళు చిన్నవి చేసి చూసి ఉంటాడు, ఆ ఊహకు నవ్వు రావాలి కానీ రాలేదు.

నాకెందుకు చెప్పల్యా.

చెప్పింటే ఇచ్చేదానివా అక్కా, అన్నాడు, ఇచ్చేది కాదు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, అయినా చెప్పకపోయింది నాదే తప్పు అని కూడా అన్నాడు, ఇంతసేపు ఫోనులో ఎవరని అడిగింది, నీ కొడుకే, అమ్మ రెండు దినాలుగా సరిగ్గా తినల్యా, దేనికి అలిగిందో నువ్వన్నా అడుగు అని చెప్తాండా, అన్నాడు.

ఇంకొక్కటే మిగిలింది, అది అడగడానికి మాత్రం కమ్మీని గట్టిగా పట్టుకోవలసి వచ్చింది, మళ్ళీ అడుగుతావా ఆ నేల.

వాడు నీళ్ళకేసి చూశాడు, అబద్ధం చెప్పేవాడైతే వెంటనే చెప్పి ఉండేవాడు, అడగాలనే ఉండాదక్కా, కోర్టులు చాల్లేదు, ఊరికి పోయినాంక అడుగుతా, ఈడ అడగను, అన్నాడు.

అప్పుడు తెలిసింది ఆమెకు, బెంగళూరు నుంచి తను వెతుకుతున్నది దొంగతనాన్ని కాదు, కాగితాలు, వేళ్ళు, పాస్‌పోర్టు, అన్నీ పైపైన, లోపల ఉన్న భయం వేరే, ఇన్ని మంచిపనులు చేసినవాడు ఒకరోజు ఎదురుగా కూర్చుని మర్యాదగా అడిగితే లేదనడానికి తనకు నోరు రాదేమో అని, దొంగకైతే జవాబు చెప్పక్కర్లేదు, తలుపేసుకుంటే చాలు, అందుకే వాడు దొంగ కావాలని, ఎలాగైనా కావాలని, తనే కోరుకుంది, వాడి ప్రతి చూపులో దాన్నే ఏరుకుంది, ఇప్పుడు వాడు దొంగ కాదు, పూర్తిగా మంచివాడో కాదో అదీ తెలియదు, నేల కావలసిన మనిషి, అంతే, పక్కనే నిలబడి ఉన్నాడు, ఫైలు వాడి చేతికిచ్చింది, ఇప్పుడే చెప్తాండా విష్ణప్పా, అది ఇయ్యను, ఊర్లో అడిగినా ఇయ్యను, అంది, వాడి మొహం కొంచెం వాడింది, కొంచెమే, సరేక్కా, అని నీళ్ళ సీసా మూత తిప్పి చేతికిచ్చాడు, ఆమె తాగింది, చల్లగా దిగింది, లేదు అని చెప్పడానికి ఎదుటిమనిషి చెడ్డవాడు కానక్కర్లేదు.