తడి గోనెపట్టాలు

మా మనవరాలు ఫెబా నంద్యాలలో స్టిక్కర్లు చేస్తుంది. బండికి అతికించే పేరు మీద రెజిన్ అనే చిక్కటి జిగురు పోస్తే, అది అంచుదాకా పాకి, ఆగి, నీటిచుక్కలా ఉబ్బి గట్టిపడుతుంది. కారిపోతుందేమోనని చూసిన ప్రతిసారీ నాకు భయమే.

పోయిన ఏడు ఆళ్లగడ్డలో ట్రాక్టరు ట్రాలీలు కట్టే బాబ్జాన్‌కు ఎపాక్సీ రకం రెజిన్ పోసి ఇచ్చింది. అది చౌక. ఒక్క ఎండాకాలానికే తెల్ల అక్షరాలు పసుప్పచ్చబడి, వంపుల దగ్గర పగిలాయి. ఈ ఏడు అతను మళ్లీ నలభై ట్రాలీలకు పేర్లు అడిగాడు. ఇవీ పాడైతే ఇక రావద్దన్నాడు. ఈ పని పోతే దుకాణం మూసి బెంగుళూరు కంపెనీకి పోతానని ఫెబా చెప్పి ఉంది. దాని అమ్మ సుజాతను నేనే ఆస్పత్రి బండెక్కించాను, తిరిగి రాలేదు. ఎవరు సంచి సర్దుకున్నా నాకు ఆ బండే గుర్తొస్తుంది.

ఈసారి ఫెబా ఎండకు రంగు మారని, వంచితే వంగే పాలీయురేథేన్ రెజిన్ తెప్పించింది. దాని జాగ్రత్తలన్నీ కాగితం మీద రాసి గోడకు అంటించింది. నేను బడికి పోలేదు. చర్చిలో పాటల పుస్తకం పట్టుకొని అక్షరాలు నేర్చుకున్నాను, అప్పటినుంచి కంటికి కనబడిందల్లా చదువుతాను. ఆ కాగితమూ రోజూ చదివాను. ‘తేమ తగలనీయకూడదు’ అని రెండో వరుసలో ఉంది.

మొదట పోసిన పన్నెండూ పాడయ్యాయి. లోపలంతా ఆవగింజలంత బుడగలు. ఫెబా రెజిన్‌ను అనుమానించింది, తన చేతిని అనుమానించింది. రెండోసారీ అంతే. మూడో రోజు మధ్యాహ్నం ఫోనులో బెంగుళూరు బస్సు టిక్కెట్లు చూస్తూ కూర్చుంది.

నేను లేచి కిటికీకి కట్టిన గోనెపట్టాల మీద నీళ్లు చల్లబోయాను. మే నెల కదా, దాని పనిగది చల్లగా ఉండాలని రోజుకు మూడుసార్లు తడిపేదాన్ని, నేల మీదా చల్లేదాన్ని. పెళ్లయినప్పటినుంచీ ఎండాకాలం నా పని ఇదే. చెంబు ఎత్తినప్పుడు గోడ మీది కాగితం ఎదురైంది. డబ్బాలో నీళ్లు పడకూడదని కదా నేననుకున్నది. గాలిలో తడి సంగతి అప్పటిదాకా నాకు తట్టనేలేదు.

చెంబు దించాను. తిడుతుందని కాదు, ఇంత పని చేసిన ముసలిదాని దగ్గర ఎందుకుండాలి అనుకుంటుందని భయం. అయినా ఆ తేమ నా నీళ్లదేనని చెప్పాను.

ఫెబా గోనెపట్టాను ముట్టి చూసింది.

“నేను ఊరికే డబ్బాను తిట్టుకుంటాండా. నువ్వు ఈడ ఊటీ కట్టినావు కదవ్వా.”

పట్టాలు తీసి మిద్దె మీద పడేశాము. నేల బాగా ఆరాక, దుమ్ము లేవకుండా ఫ్యాను కూడా ఆపి మళ్లీ పోసింది. చెమటచుక్క రాలకుండా నేను తువ్వాలుతో దాని నుదురు తుడుస్తూ నిలబడ్డాను. మరునాటికి చూస్తే ఒక్క బుడగ లేదు.

నలభై పూర్తయ్యాక ఇద్దరం ఆళ్లగడ్డ పోయాము. బాబ్జాన్ ఒకదాన్ని బొటనవేలి గోటితో గట్టిగా నొక్కాడు. గుంట పడింది. చూస్తుండగానే గుంట నిండి నున్నగా అయింది. అతను ఇంకోటి నొక్కాడు, అదీ అంతే. మరో అరవై చేయమన్నాడు.

“బెంగుళూరు పోతావంట కదా పాపా?”

“యాడికి పోయేదన్నా. నేను లేకుంటే మా అవ్వ మళ్లా పట్టాలు తడుపుతాది.”

మొదటి పేరు అతికించుకున్న ట్రాలీ మాకంటే ముందే గోస్పాడుకు బయలుదేరింది. దారిలో మా బస్సు దాన్ని దాటింది. ఎండలో అక్షరాలు తడిసినట్టు మెరుస్తున్నాయి. పక్కసీటామె అడగకపోయినా గట్టిగా చదివి వినిపించి, మా ఫెబా చేసిందని చెప్పాను.