మెయిను ఆపినా తిరిగే మీటరు

లెక్క ప్రకారం మా ఇంట్లో రోజుకి నాలుగు యూనిట్లు కాలాలి. ఆరు కాలుతున్నాయి. వెయ్యి వాట్ల సామాను గంటసేపు నడిస్తే ఒక యూనిట్ అని మా అమ్మాయి సైన్సు పుస్తకంలోనే ఉంది. ఫ్రిజ్జు, రెండు ఫ్యాన్లు, దీపాలు, ఇస్త్రీ పెట్టె, నా కుట్టుమిషను మోటారు, అన్నీ కాగితం మీద వేసుకుని మూడుసార్లు కూడి చూశాను. నాలుగు దాటలేదు. బట్టలు కుట్టేదాన్ని, అరంగుళం తేడా వచ్చినా నా కంట్లో పడుతుంది. అలాంటిది రోజుకి రెండు యూనిట్లు ఎటు పోతున్నట్టు?

గోడ అవతలికే పోతున్నాయని నా అనుమానం.

నాలుగు నెలల క్రితం మా ఆయన, మా మరిది ఇల్లు పంచుకున్నారు. హాలు మధ్యలో గోడ లేచింది, రెండో మీటరు వచ్చింది. అత్తయ్య చిన్నవాళ్ళ వైపు వెళ్ళింది. నా వైపున్న చిన్నగది మిషనుకే చాలదు, ఆవిడ మంచం ఎక్కడ వెయ్యమంటారని నేనే తేల్చి చెప్పాను. మా ఆయన ఆ రోజు ఏమీ అనలేదు. ఆయన బస్సు డ్రైవరు. రోజంతా హారను మోగించి వస్తారు కాబట్టి ఇంట్లో నోరు మెదపరు.

తోడికోడలి మీద నాకు మొదటి నుంచీ నమ్మకం లేదు. ఏమన్నా పడి ఉండేవాళ్ళను చూస్తే నాకు భయం. పైగా ఈ మధ్య నేను వాకిట్లో మీటర్ల పెట్టె దగ్గర నిలబడితే చాలు, కిటికీ రెక్క మెల్లగా మూసేది. తప్పు చెయ్యని మనిషికి కిటికీతో పనేమిటి?

ఆదివారం పొద్దున్నే మెయిను స్విచ్చి ఆపేశాను. ఫ్రిజ్జు గొణుగుడు మానేసింది. ఫ్యాన్లు ఆగాయి. టీవీ ముందు కూర్చున్న మా అమ్మాయి గోల మొదలుపెట్టింది. వాకిట్లోకి వచ్చి మీటరు చూశాను. దాని మీద చిన్న ఎర్ర దీపం ఒకటుంటుంది, కరెంటు వాడుతుంటేనే అది వెలిగి ఆరుతుంది. ఇప్పుడు వెలగకూడదు. వెలిగింది. మనసులో అంకెలు లెక్కపెట్టాను. పద్నాలుగు అనేసరికి మళ్ళీ వెలిగింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

వెళ్ళి తోడికోడలి తలుపు బాదాను. చేతులకి సబ్బు నురగతోనే వచ్చింది.

"నా మీటరు మీద నీ ఇల్లు నడుపుకుంటున్నావా?"

"అలాంటిదేం లేదక్కా," అంది నేల చూస్తూ.

"దొంగ కరెంటు వాడుకునే దానివి నా మొహం ఎలా చూస్తావులే. రేపు పొద్దున కరెంటాఫీసులో ఫిర్యాదు రాసిస్తాను. మీ సంగతి వాళ్ళే తేలుస్తారు."

మా మరిది కోర్టులో గుమాస్తా. దొంగతనం కేసు పడితే ఉద్యోగం ఊడుతుందని నాకు తెలుసు. తెలిసే అన్నాను. అప్పటికే వీధిలో నలుగురు పోగయ్యారు.

మా ఆయన గబగబా వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. "పోనీలేవే. రోజుకి రెండు యూనిట్లకి ఇంత గొడవెందుకు?"

రెండు యూనిట్లని ఈయనకెవరు చెప్పారు? నేనైతే చెప్పలేదు. ఆ క్షణం నుంచి ఈయన మీదా ఒక కన్నేశాను.

పంపకాలప్పుడు రెండు వైపులా వైరింగు చేసిన ఎలక్ట్రీషియన్‌కి కబురు పెట్టాను. మా ఆయన చిన్ననాటి స్నేహితుడే. జేబులో టెస్టరు లేకుండా అతన్నెవరూ చూడలేదు, అందుకే వీధి వీధంతా టెస్టరనే పిలుస్తుంది. వచ్చాడు గానీ పెట్టె మూత తీయడానికి చెయ్యి రావడంలేదు.

"మీటరు పాడై ఉంటుంది వదినా. నేను మాట్లాడి మార్పిస్తాలెండి."

"అవతలి వాళ్ళు నీకేం ముట్టజెప్పారు?"

ఆ మాట అతనికి గట్టిగానే తగిలింది. గడియారం చూస్తూ దీపం వెలిగే దాకా ఆగాడు.

"పద్నాలుగు సెకన్లకోసారి. అంటే ఎనభై వాట్లు, రోజుకి రెండు యూనిట్లు. ఒక్క ఫ్యాను వదినా, రాత్రీ పగలూ తిరిగే ఒక్క ఫ్యాను. దొంగిలించేవాడు గీజరు వేసుకుంటాడు గానీ ఇలా ఒక్క ఫ్యాను తిప్పుకుంటాడా?"

మరలు విప్పి మూత తీశాడు. మీటరు దాటాక, మెయిను స్విచ్చికి పోయే దారిలోనే ఒక నల్ల తీగ చీలి గోడలోకి దూరింది.

"ఇదెవరు వేశారు?"

"నేనే."

"ఎవరు వెయ్యమన్నారు?"

టెస్టర్ నా వెనకున్న మా ఆయన వైపు చూశాడు.

"అది అమ్మ గదిది," అన్నారు మా ఆయన. "మనిషిని ఎలాగూ నా దగ్గర ఉంచుకోలేకపోయాను. ఫ్యానైనా నా కరెంటుతో తిరగాలని వేయించాను."

తోడికోడలు గడపలోనే నిలబడి ఉంది. "బావగారు చెప్పొద్దన్నారక్కా," అంది. ఆ ఒక్క మాట కోసం అందరి ముందూ దొంగ అనిపించుకుని ఊరుకుంది.

నాకు తల కొట్టేసినట్టయింది. అయినా అలవాటైన బుర్ర కదా, ఊరుకోదు.

"అలాంటప్పుడు మెయిను తర్వాత వేయించొచ్చుగా. ఫ్యూజు కూడా లేకుండా ముందెందుకు వేయించారు? అపాయం కాదూ?"

టెస్టర్, మూత చేతిలో పట్టుకుని గోడ వైపు తిరిగాడు.

"మెయిను తర్వాత వేస్తే," అన్నారు మా ఆయన, "ఏ రోజో కోపమొచ్చి నువ్వు ఆపేస్తావని."

పదిహేనేళ్ళ కాపురంలో ఈయన నన్ను అనుమానిస్తారని ఏనాడూ అనుకోలేదు. నేనలాంటిదాన్ని కాదని అక్కడికక్కడే కడిగెయ్యాలనుకున్నాను. కానీ ఆ ఫ్యాను సంగతి మొదటి నెలలోనే తెలిసి ఉంటే నేను ఆపేసేదాన్నే.