కాకిగారి ముద్ర

ఇరవై ఏళ్ల కిందట క్యోటోలో ఓ ఇరుకు గదిలో ఇనుయి ఒక్కడే కూర్చుని ఒక వీడియో గేమ్ చేశాడు. అందులో ఓ కుంటి కాకి ఉంటుంది. ఆటకు దానితో పనేమీ లేదు, మూడు గెంతులు గెంతి ఎగిరిపోతుంది, అంతే. కాకిపిల్ల కాకికి ముద్దన్నట్టు, ఇనుయికి మాత్రం ఆ కాకే ప్రాణం.

ఇప్పుడు ఆ ఆట రెండో భాగాన్ని మూడువందల ఎనభైమంది చేస్తున్నారు. ఇనుయి డైరెక్టరు. ఒక్క కాకికే ముప్పైమంది. ఈకలకు పన్నెండుమంది, ముక్కుకు నలుగురు, కాళ్లకు ఎనిమిదిమంది. అరుపుకు ఆరుగురుంటే, ఆ ‘కా’ని సాగదీయాలా వద్దా అని వాళ్లలో రెండు పార్టీలు. ఓ సోమవారం కాళ్ల విభాగం పెద్ద కుజె నవ్వుతూ వచ్చింది.

“శుభవార్తండీ డైరెక్టర్ గారూ. కాకి కాలు బాగుచేశాం.”

“బాగుచెయ్యడమేంటమ్మా? అది కుంటిదేగా.”

“ఆ లోపమే సరిచేశామండి. మళ్లీ కుంటిదాన్ని చెయ్యాలంటే కాగితం తిప్పాలి, సంతకాల బదులు దానిమీద అందరి ముద్రలూ పడాలి.”

ఇనుయికి ఒళ్లు మండింది. తన కాకిని కుంటిగా ఉంచుకోవడానికి తనే అర్జీ పెట్టుకోవాలట. తిట్టుకుంటూనే రాశాడు, ఎడమ అంచున కాకి బొమ్మ కూడా గీశాడు. ఆ ఆఫీసులో కిందివాళ్లు తమ ముద్రను కాస్త ఎడమకు వంచి కొట్టాలి, ఎడమనున్న పైవాళ్ల ముద్రకు దండం పెట్టినట్టు. ముప్పై ముద్రలూ వినయంగా వంగాయి. ముద్రల వరుసలో అన్నిటికన్నా ఎడమ గడి ఇనుయిది. నిటారుగా కొట్టాల్సింది పోయి, డైరెక్టరయ్యేదాకా ఏళ్ల తరబడి వంచిన చెయ్యి కదా, వంచే కొట్టాడు.

మర్నాడు సభ పెట్టారు. డైరెక్టర్ గారి ముద్ర ఎవరికి దండం పెడుతోంది? దాని ఎడమన కాకి బొమ్మ తప్ప ఎవరూ లేరు. మూడు గంటలు తలలు పట్టుకుని, కాకి డైరెక్టరుకు పై అధికారి అని తేల్చారు. పై అధికారి కాలి జోలికి పోవడానికి ఎవరికెన్ని గుండెలు? కుంటితనం తిరిగొచ్చింది.

ఇనుయి సంబరం ఇంతా అంతా కాదు. నేరుగా కుజె దగ్గరికి వెళ్లాడు.

“మూడో గెంతు తర్వాత అది ఒక్కసారి వెనక్కి తిరిగి చూడాలమ్మా. ఇరవై ఏళ్లుగా అనుకుంటున్నా.”

కుజె లేచి నిలబడింది. “కాకిగారి ముద్ర తెచ్చారాండీ?”

“దాన్ని గీసిందే నేను కదమ్మా.”

“కాదన్నదెవరండీ. కానీ ఇప్పుడు మీరు ఆయన కింద పనిచేస్తున్నారు.”

తెర మీద కాకి కుంటుతూ మూడు గెంతులు గెంతి, వెనక్కి చూడకుండా ఎగిరిపోయింది. గదిలో అందరూ నడుం వంచారు. కళ్లలో నీళ్లు తిరుగుతుండగా ఇనుయి కూడా వంచాడు.