గోడకు ఇవతల

ఒట్టీలీ నిప్పుకడ్డీతో బొగ్గులు కెలికి, ఇంకో కట్టె లోపలికి తోసింది. చేతులు మోచేతుల దాకా మసి.

బెర్లిన్ విశ్వవిద్యాలయంలో గదిని వెచ్చబెట్టే ఆ పొయ్యికి నోరు గోడకు ఇవతల నడవాలో, ఒళ్ళు అవతల తరగతి గదిలో. మసి మొహాలు పండితుల కంటపడకూడదని కట్టినవాడి తెలివి! కానీ మాటని ఆపే గోడ ఎవడు కట్టగలడు? తన తల నెరవకముందు నుంచీ ప్రొఫెసర్ ఆల్‌బాఖ్ పాఠం ఆ పొయ్యి నోట్లోంచే ఒట్టీలీ చెవిన పడుతోంది.

"రాయి ఎందుకు పడిందో బయట నిలబడి చెప్పొచ్చు. మనిషి ఎందుకు ఏడ్చాడో చెప్పాలంటే, మీ ఏడుపు మీకు గుర్తుండాలి. చరిత్ర చదవడమంటే అదే."

తన భర్త పోయాక, పక్కింటి ఫ్రీడా దుఃఖం ఆమె చెప్పకుండానే తనకి ఎలా అర్థమైందో, ఒకనాడు విన్న ఈ మాటతోనే ఒట్టీలీకి తెలిసింది.

ఇవాళ ఆయన ఆఖరి పాఠం. పొయ్యికీ, దాంతోపాటు ఒట్టీలీ కొలువుకీ ఆఖరి రోజే. గదిని వేడిచేయడానికి ఆవిరి గొట్టాలు బిగించేశారు, రేపటి నుంచి అవే. ఆఫీసువాళ్ళు ఎలాగూ తీసేసేదేగా అని తడిబొగ్గు పంపారు. గది చల్లబడితే ఆయనకు దగ్గు తెర వస్తుంది, పాఠం మధ్యలో తెగిపోతుంది. తన చేతిమీదుగా అలా జరగడమా! ఒట్టీలీ పొద్దున్నే ఎండుకట్టె కోసం, ఇంట్లో భర్త కూర్చునే ఓకు చెక్క బల్ల నరికి మోసుకొచ్చింది. నరికేటప్పుడు కళ్ళు తడిశాయి. అయినా నరికింది.

పొయ్యి దగ్గర చెవి ఒగ్గి కూర్చున్న ఆమెను చూసి, ఆలస్యంగా వచ్చిన విద్యార్థి రూప్రెఖ్ట్ నవ్వాడు. "ఏంటవ్వా, పరీక్షకి చదువుతున్నావా?"

"నువ్వెలాగూ చదవవుగా బాబూ! తలుపు కొంచెమే తెరిచి దూరు, వేడి పోతుంది."

పాఠం ఒక్క దగ్గు లేకుండా ముగిసింది. లోపల కుర్రాళ్ళు వేలి కణుపులతో బల్లలు దబదబా కొట్టారు. అక్కడ చప్పట్లంటే అవే. ఒట్టీలీ చెయ్యి ఊరుకోలేదు. మొట్టమొదటిసారి తనూ పొయ్యి ఇనప తలుపు మీద కొట్టింది.

లోపల సద్దుమణిగింది. అడుగులు పొయ్యి దగ్గరికి వచ్చాయి. అవతల పొయ్యి ఒంటికి అతికిన పింగాణీ పలకల మీద ముసలి కణుపులు నెమ్మదిగా బదులు కొట్టాయి.

"ఇవాళ దగ్గు రాలేదమ్మా. ఏ చలికాలమూ రానివ్వలేదు నువ్వు."

"నా పొయ్యి అలాంటిదండీ," అంది ఒట్టీలీ, నడుము నిటారుగా నిలబెట్టి.

చేతులు కడుక్కుని, శాలువా కప్పుకుని, కూతురి ఊరు వెళ్ళే రైలుకి బయల్దేరింది. గోడకానించిన నిప్పుకడ్డీ చెక్క పిడి మీద, ఆమె బొటనవేలు అరగదీసిన గుంట ఇంకా వెచ్చగానే ఉంది.